ముగ్గుర్ని అడిగాకే ‘లేదు’

నాగావళి ఒడ్డున ఉన్న ఆ గ్రంథాలయంలో ‘లేదు’ అనే మాట ఒక్కరే అనడానికి వీల్లేదు. పాఠకుడు వచ్చి ఏదో పుస్తకం అడుగుతాడు. కౌంటరులో ఉన్నవాళ్లకి దొరక్కపోతే లోపలున్నవాళ్లని అడగాలి. వాళ్లకీ దొరక్కపోతే మూడో మనిషిని పిలవాలి. ముగ్గురూ చేతులెత్తేశాకే పాఠకుడితో ఆ మాట అనాలి. ఇది పైవాళ్లెవరూ పెట్టిన నియమం కాదు. గ్రంథపాలకురాలు వరహాలమ్మ పెట్టింది. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు ఆమె నేర్పేది ఇదొక్కటే.

“ఒంటి లేదు చెప్పకండమ్మా. అది లేదు కాదు, బద్ధకం” అనేది.

అడిగేవాళ్లు కూడా తిన్నగా అడుగుతారా ఏమిటి? పుస్తకం పేరు తెలీదు, రాసినవాళ్ల పేరు తెలీదు. “ఎర్రట్ట పుస్తకమండి, అందులో ఒక గుర్రం చచ్చిపోద్ది” అంటారు. అంతే, వరహాలమ్మ కళ్లు సగం మూసి, లేచి, అల్మారాల మధ్యకి నడిచి, చిటికెన వేలు కాస్త పైకెత్తి చెయ్యి చాపేది. ఆ చేతికి గుర్రం చచ్చిపోయే పుస్తకమే తగిలేది. ఎలా తెలిసిందంటే ఆమే చెప్పలేకపోయేది. చేతికి తెలుసు, అంతే.

ఆమె తర్వాత అక్కడ పాతకాపు తవిటినాయుడు. పుస్తకాలు సర్దడం, అట్టలు అతకడం, వర్షాకాలంలో చెమ్మ తగలకుండా చూడడం, అన్నీ అతని పనే. నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వరహాలమ్మతో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు, రోజూ ఏదో ఒకదాని మీద ఆమెతో వాదించకుండా ఇంటికెళ్లడు. మూడో మనిషి నీలవేణి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఇంకా ఖాయం కాలేదు. తెలివైన పిల్లే గానీ నిదానం. ఒక్క పుస్తకం కోసం అల్మారా అంతా వేళ్లతో తడుముకుంటూ వెళ్తుంది.

నిదానంగా నేర్చుకునే కాలం కాదది. ప్రతి గ్రంథాలయంలోనూ గోడకి ఒక తెర వచ్చేసింది. ఎవరు ఎన్ని పుస్తకాలు తీసిచ్చారు, ఎంతసేపట్లో తీశారు, ఎంతమందిని ఉత్తచేతులతో పంపారు, అన్నీ రంగు గీతల్లో కనిపిస్తాయి. నీలవేణి గీత ఎప్పుడూ అడుగునే ఉండేది. గీత లేవకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యబోమని పైనుంచి మాట వచ్చింది. ఆ మాట విన్నరోజు నీలవేణి భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు. వరహాలమ్మ అది చూసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టర్ ఢిల్లేశ్వరి వచ్చింది. పుట్టింది ఈ జిల్లాలోనే గానీ చదువంతా బయటే. మెదడు, నరాలు, మనిషి అలవాట్లు, వీటి మీద ఆమె పరిశోధన. పెట్టెలోంచి పల్చటి చేతి తొడుగులు తీసి బల్ల మీద పరిచింది. అనుభవం ఉన్నవాళ్లు ఒకటి తొడుక్కుని తమ పని తాము చేసుకోవాలి. వాళ్ల చేతి ఒడుపు దాంట్లోకి ఎక్కుతుంది. రెండో తొడుగు నేర్చుకునేవాళ్లు తొడుక్కుంటే అదే ఒడుపు వాళ్ల చేతికి దిగుతుంది. ఏళ్లు పట్టేది వారాల్లో వచ్చేస్తుంది.

“దీనికి చేతివాటం అని పేరు పెట్టానండి” అంది గర్వంగా.

తవిటినాయుడు పడీపడీ నవ్వాడు. “గ్రంథాలయంలో చేతివాటమంటే ఏటో తెలుసా అమ్మా మీకు? పుస్తకాలు ఎత్తుకెళ్లిపోడం. ఆ పేరెట్టుకుని మీరు రోజూ మా గుమ్మం ఎక్కితే, పోలీసోళ్లు కూడా మీ ఎనకాలే ఎక్కుతారు.”

పాపం ఆమె ముఖం ఎర్రబడింది. వరహాలమ్మే ఆదుకుంది. “హస్తవాసి అనండమ్మా. మంచి డాక్టరు చేతికి అంటాం చూడండి, అది.” ఆ పేరే స్థిరపడింది.

“నాకేమన్నా అవుతుందా?” అని వరహాలమ్మ తర్వాత విడిగా అడిగింది.

ఢిల్లేశ్వరి అబద్ధం చెప్పలేదు. “అలవాటంటే ముడి లాంటిది మేడం. లోపల దారం ఏ దారిన పోయిందో చూడాలంటే ముడి కొంచెం వదులు చెయ్యాలి. తర్వాత దానంతటదే బిగుస్తుంది. కుట్టుపనివాళ్లతో, టైపు కొట్టేవాళ్లతో చేశాం. అందరికీ బిగిసింది.”

“బిగవకపోతే?”

“ఇప్పటిదాకా అలా జరగలేదు.”

వరహాలమ్మ కిటికీలోంచి చూసింది. నీలవేణి ఒక పిల్లాడి కోసం బొమ్మల పుస్తకం వెతుకుతోంది. పెదాలు కదుపుతూ, వేలితో ఒక్కో అట్టా ముట్టుకుంటూ. “సరే, ఇటివ్వండి” అని చెయ్యి చాపింది.

రోజూ పొద్దున్న కౌంటరు రద్దీగా ఉండే వేళల్లో ఆమె తొడుగు వేసుకుని పనిచేసింది. సాయంత్రాలు అక్కర్లేదంది ఢిల్లేశ్వరి. సాయంత్రం పనేముంది? తలుపులు వేసేముందు వరహాలమ్మ అల్మారాల మధ్య ఒకసారి తిరిగొచ్చేది. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని చెప్పేది. దాన్ని పనని ఎవరూ అనుకోలేదు. ఆమే అనుకోలేదు.

తొడుగు నిండిందన్న రోజు సాయంత్రం ఇంటికెళ్లి పోపు పెట్టబోయి వంటగది అలమర ముందు నిలబడిపోయింది. ఆవాల డబ్బా ఎక్కడుందో తెలియలేదు. ఆ ఇంట్లో ఎవరికి ఏది కనపడకపోయినా ఆమె చెయ్యే వెతికేది. చీకట్లో కూడా సూదీదారం తీసిచ్చే చెయ్యది. ఇప్పుడు కొత్తగా కాపరానికొచ్చిన పిల్లలాగా ఒక్కో మూతా తీసి చూస్తోంది.

భర్త సింహాచలం హాల్లోంచి వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. “ఏటి వరాలూ, అలా నిల్చుండిపోనావు? నూనె మాడిపోతంది.”

“ఆవాలు కనపళ్లేదు.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. స్టవ్ ఆపి, పై అరలోంచి డబ్బా తీసి చేతిలో పెట్టాడు. వరహాలమ్మకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. “నా చెయ్యి ఖాళీ అయిపోయిందండీ” అంది.

“తిరిగి ఒస్తాదన్నారు గదా?”

“అన్నారు.”

వారాలు గడిచాయి, రాలేదు. ఢిల్లేశ్వరి పరీక్షల మీద పరీక్షలు చేసింది, రెండో తొడుగు ఆమెకే వేసి చూసింది, అదీ పట్టలేదు. చివరికి తల దించుకుని చెప్పింది. “వాళ్లవి చిన్న ముడులు మేడం. మీది ముప్పై ఏళ్ల ముడి. అంత పెద్దది విప్పితే ఏమవుతుందో నాకు తెలిసుండాల్సింది.”

“ముందే అడిగాను, మీరూ దాచకుండా చెప్పారు. తెలిసే ఇచ్చాను” అంది వరహాలమ్మ. అంత తేలిగ్గా అనేసిందే గానీ ఆ రోజు అన్నం సహించలేదు. సాయంత్రపు తిరుగుడు కూడా మానేసింది. తిరిగి ఏం చెయ్యాలో చేతికి తెలియడం లేదాయె.

ఈలోగా రెండో తొడుగు ముందు నీలవేణికీ తర్వాత, పాతవాళ్లకీ పనిచేస్తుందేమో చూద్దామని తవిటినాయుడికీ వేశారు. ఇక చూడాలి ఆ సంబరం. నీలవేణి కళ్లు సగం మూసి లేచేది, నడిచేది, చిటికెన వేలెత్తి చెయ్యి చాపేది. పుస్తకం చేతిలో. పాఠకులు నోళ్లు వెళ్లబెట్టారు. గోడ మీద ఆమె గీత నిట్టనిలువుగా లేచింది. ఉద్యోగం ఖాయం చేస్తూ కబురొచ్చింది. నీలవేణి పరుగెత్తుకొచ్చి వరహాలమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. “ఇది మీ చెయ్యే మేడం” అంది. ఆ క్షణంలో వరహాలమ్మకి తన చెయ్యి పోయిందన్న బాధ నిజంగానే లేదు. ఛాతీ నిండిపోయింది.

కానీ గ్రంథాలయంలో ఏదో తగ్గింది. అదేమిటో తెలియడానికి ఆమెకి కొన్నాళ్లు పట్టింది. గోల తగ్గింది. “నాయుడు బాబాయ్, ఎర్రట్టంట, గుర్రమంట” అని కౌంటరు నుంచి అరుపులు లేవు. “ఒసే గుంటా, అది ఎర్రట్ట కాదు, వెలిసిపోయిన కాషాయం, ఇటు రా సూపిస్తాను” అనే జవాబులూ లేవు. ఎవరి పుస్తకం వాళ్లకే దొరుకుతుంటే పక్కవాళ్లతో పనేముంటుంది? తవిటినాయుడు వాదించడం కూడా మానేశాడు. ఇద్దరూ ఒకేలా నడుస్తున్నారు, ఒకేలా వంగుతున్నారు. తననే అద్దంలో రెండుసార్లు చూసుకుంటున్నట్టు ఉండేది వరహాలమ్మకి.

గీతలు చూసి పైనుంచి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. అతని ఆలోచన ఢిల్లేశ్వరి ముందే చెప్పేసింది. వరహాలమ్మ చేతి ఒడుపు రాష్ట్రంలోని గ్రంథాలయాలన్నిటికీ పంపుతారు. అప్పుడు చోటుకి ఒక్క మనిషి చాలు. ఇక్కడ నీలవేణి ఉంటుంది. తవిటినాయుణ్ని, ఇంకెన్నో ఊళ్లలో ఇంకెందర్నో ఇంటికి పంపేస్తారు.

తవిటినాయుడు విన్నాడు. “పోన్లెండి మేడంగోరూ. మీ చెయ్యి అన్ని ఊళ్లూ ఎల్తందంటే అది గొప్పే గదా” అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగింది. అతని కూతురికి పెళ్లి కుదిరి ఉంది.

అధికారి వచ్చిన రోజు పొద్దున్నే దాలమ్మ వచ్చింది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పేటలో ఉంటుంది, బజార్లో ఎండుచేపల కొట్టు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ కౌంటరు ముందుకొచ్చింది.

“మా తాత రాసిన పొత్తకం ఉండాల ఇక్కడ. బర్మాలో బాంబులు పడితే మావోళ్లు కొండల్లోంచి నడిసొచ్చీసినారు గదా, ఆ సంగతులన్నీ. పేరు ‘క్షేమంగా చేరాం’. సిన్నప్పుడు మాయమ్మ నన్ను ఇక్కడికే తీసుకొచ్చి సదివి ఇనిపించేది. ఇప్పుడామె మంచం మీదుంది. ఒక్కసారి సదవవే అంటంది.”

అధికారి కుర్చీలో ముందుకి వంగాడు. “కానివ్వండి, చూద్దాం.”

కంప్యూటర్లో పుస్తకం ఉంది, బయటికి వెళ్లలేదు. ఒకటే ప్రతి. పాత తెలుగు పుస్తకాల గదిలో అన్నీ పేర్ల అక్షరక్రమంలో ఉంటాయి. నీలవేణి కళ్లు సగం మూసింది, లేచింది, ‘క’ అల్మారా చివరికి నడిచింది. నిఘంటువుల్లో ‘క్ష’ చోటు అదే, క వరస చివర, ఖ మొదలయ్యే ముందు. చిటికెన వేలెత్తి చెయ్యి చాపింది. చెయ్యి గాలిలోనే ఆగింది. పుస్తకం లేదు.

నియమం గుర్తొచ్చి తవిటినాయుణ్ని పిలిచింది. అతనూ కళ్లు సగం మూసి అదే అల్మారాకి నడిచాడు. అదే చోట చిటికెన వేలెత్తి చెయ్యి చాపాడు. అదే ఖాళీలో అతని చెయ్యీ ఆగింది.

“నేదు” అన్నాడు చిన్నగా.

“పోయిందని రాసుకోండి” అన్నాడు అధికారి. “పాత పుస్తకం, ఎవరో పట్టుకెళ్లుంటారు. మన ప్రయోగానికి దీనితో సంబంధం లేదు.”

దాలమ్మ ముఖం వాడిపోయింది. “నేదా తల్లీ?” అంది నీలవేణి వైపు చూసి. నీలవేణి వరహాలమ్మ వైపు చూసింది. మూడో మనిషిని ఇంకా అడగలేదు.

“మేడం, క్షేమంగా చేరాం. ఎక్కడుండొచ్చు?”

ఇన్నాళ్ల తర్వాత ఆ గదిలో ఒకరు ఇంకొకరిని అడిగిన మొదటి ప్రశ్న అది. వరహాలమ్మ లేచింది. కళ్లు మూసి చూసింది. చెయ్యి ఏమీ చెప్పలేదు. చచ్చిన చేప లాగా పక్కన వేలాడింది. అందరూ చూస్తున్నారు. ముప్పై ఏళ్ల పరువు పోతోందని తెలుస్తోంది. దాలమ్మ తల్లి మంచం మీద ఎదురుచూస్తోందనీ, తనూ లేదంటే చోటుకి ఒక్కరు చాలని తేలిపోయి తవిటినాయుడు రేపట్నుంచి రానక్కర్లేదనీ తెలుస్తోంది.

ఇద్దరు వెతికారు గదా అనుకుంది. కాదు, ఇద్దరు వెతకలేదు. ఇద్దరి చేతులూ తనవే. తననే రెండుసార్లు అడిగారు. ఈ గదిలో అడగాల్సిన మనిషిని ఇంకా ఎవరూ అడగలేదు. ఆ మనిషి, తొడుగు వేసుకోకముందు తవిటినాయుడు.

అప్పుడు గుర్తొచ్చింది. చేతికి కాదు, ఆమెకి.

ఆమె ‘క’ అల్మారా వైపు కన్నెత్తి చూడలేదు. గది చివరికంటా నడిచింది. ‘హ’ పుస్తకాలు కూడా అయిపోయిన ఆఖరి అల్మారా ముందు మోకాళ్ల మీద కూర్చుని, అడుగు వరసలో గోడ వైపు తడిమింది. పల్చటి పుస్తకం, వెలిసిన ఆకుపచ్చ అట్ట. దుమ్ము ఊది పైకెత్తి చూపించింది. క్షేమంగా చేరాం.

దాలమ్మ దాన్ని రెండు చేతులా తీసుకుని గుండెకి ఆనించుకుంది.

“అక్కడెందుకుంది?” అన్నాడు అధికారి.

“నాయుడు పెట్టాడండి.”

“నానా?” తవిటినాయుడు తెల్లబోయాడు. “నానెందుకెడతాను అక్కడ?”

“ముప్పై ఏళ్లుగా పెడుతున్నావు” అంది వరహాలమ్మ. “చిన్నప్పుడు నీకు పలక మీద అక్షరాలు చెప్పినవాళ్లు స, హ, ళ, క్ష అని చెప్పారు. నీ చేతికి క్ష అంటే చివరే. మొదట్లో రెండుసార్లు చెప్పాను. నువ్వు అలిగి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నీ మాటలు లేకపోతే నాకిక్కడ తోచదు. అందుకని చెప్పడం మానేసి, సాయంత్రం పూట నేనే తీసి చోట్లో పెట్టేదాన్ని.”

“నడుం పట్టేసిందని తిరిగేవోరు?”

“ఆఁ. ఆ నడుం నొప్పే.”

తవిటినాయుడు ఆఖరి అల్మారా దాకా వెళ్లి ఆ ఖాళీని చూసొచ్చాడు. “నాకు తెల్నే తెల్దు” అన్నాడు.

“ఎవరి అలవాటు వాళ్లకెలా తెలుస్తుంది? పక్కవాళ్లకి తెలుస్తుంది. నా చెయ్యి వెళ్లిపోయాక, నువ్వు తొడుగు వేసుకోకముందు, ఆ మధ్యలో ఎప్పుడో సర్దుంటావు దీన్ని. తర్వాత నువ్వు నేనైపోయావు, నీ తప్పు తెలిసిన చెయ్యి ఏదీ ఇక్కడ మిగల్లేదు.” తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. “నా చెయ్యి అన్నీ మర్చిపోయింది నాయుడూ. నీ తప్పు మాత్రం నాకు గుర్తుంది.”

ఢిల్లేశ్వరి అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. ఇప్పుడు అధికారి ముందుకొచ్చింది. “సార్, నేను ఒకరి చెయ్యి తీసి ఇంకొకరికిచ్చాను. ఇద్దరి మధ్య ఉన్నది తియ్యలేదు. అది ఒక్కరి దగ్గర ఉండదు కాబట్టి నా తొడుగుకి దొరకలేదు. ఈ చెయ్యి ఊరూరా పంపి చోటుకొక్కరినే ఉంచితే, ఊరూరా ఇలాంటి పుస్తకాలు పోయాయని రాసుకోవాల్సి వస్తుంది. నా ప్రయోగం ఇక్కడితో ఆపేస్తున్నాను.”

అధికారి గోడ మీది గీతల్ని చూశాడు, దాలమ్మని చూశాడు. చెడ్డవాడేం కాదు. “ఆ గీతల్లో ఈవిడ ఎక్కడా కనపడదు కదూ” అన్నాడు వరహాలమ్మని చూపిస్తూ. ఆమె గీత నెలల నుంచి నేలకంటుకుని ఉంది మరి. మనుషుల్ని తీసేసే ఆలోచన ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

దాలమ్మ వెళ్లాక ఢిల్లేశ్వరి వరహాలమ్మ పక్కన కూర్చుంది. “మీ చెయ్యి మీకు తిరిగివ్వొచ్చు మేడం. తొడుగులోది పట్టలేదు గానీ, నీలవేణి చేతిలో బతికున్నది తీసి ఇస్తే పడుతుంది.”

నీలవేణి ఆ మాట పూర్తికాకుండానే చెయ్యి చాపేసింది. “తీసెయ్యండి డాక్టరుగారూ. ఇప్పుడే.”

“నీకు పోతుందే పిల్లా.”

“పోతే పోయింది మేడం. మళ్లీ మీ దగ్గరే నేర్చుకుంటాను. మెల్లిగా.”

వరహాలమ్మ ఆ చేతిని పట్టుకుని మడిచి ఆ పిల్ల ఒళ్లోనే పెట్టేసింది. “ఇచ్చింది వెనక్కి తీసుకునే ఇంట్లో పుట్టలేదు నేను. మెల్లిగా నేర్చుకునేదేదో నేనే నేర్చుకుంటాను. నువ్వు నేర్పు” అంది.

నేర్చుకుంది కూడా. పెదాలు కదుపుతూ, వేలితో ఒక్కో అట్టా ముట్టుకుంటూ. అంత పేరున్న మనిషి అలా తడుముకుంటుంటే పాత పాఠకులు కొందరు తల తిప్పుకునేవారు. ఆమె లెక్కచెయ్యలేదు. మళ్లీ కౌంటరు నుంచి అరుపులు మొదలయ్యాయి. తొడుగులు తీసేశాక నీలవేణి చెయ్యి అలాగే నిలిచింది గానీ, తవిటినాయుడిది కొన్నాళ్లు అటూ ఇటూ ఊగింది. సగం వరహాలమ్మ, సగం అతను. వాదనలు మాత్రం పూర్తిగా అతనివే.

వానలు పడుతున్న ఒక సాయంత్రం ఆమె మళ్లీ అల్మారాల మధ్య తిరగడానికి బయల్దేరింది. నడుం పట్టేసిందని చెప్పింది. ఆఖరి అల్మారా దగ్గర వంగి చూసింది. అడుగు వరసలో గోడ వైపు ఒక పుస్తకం ఒంటరిగా ఉంది. తీసి పేరు చదివింది. మొదటి అక్షరం క్ష.

వరహాలమ్మ అక్కడే నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్లు నిండాయి. తవిటినాయుడి చెయ్యి తవిటినాయుడికి వచ్చేసింది.

పుస్తకం పట్టుకుని ‘క’ అల్మారాకి వెళ్లింది. క, కా, కి, కీ అని పైకి చదువుకుంటూ వేలితో జరిపి, ఇదేలే అనుకున్న చోట దూర్చింది. తలుపులు మూసి ఇంటికెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎందుకో అనుమానమొచ్చి మళ్లీ అక్కడికెళ్లి చూసింది. నిన్న తను దాన్ని ‘క్ర’ పుస్తకాలకి ముందు పెట్టింది. తప్పు చోటు. ఇప్పుడు పుస్తకం అక్కడ లేదు. వరస చివర, ఖ మొదలయ్యే ముందు, ఉండాల్సిన చోట నిటారుగా నిలబడి ఉంది.

వెనక్కి తిరిగి చూసింది. నీలవేణి కౌంటరు దగ్గర తల వంచుకుని, ఏమీ ఎరగనట్టు పుస్తకాల మీద తేదీ ముద్ర వేస్తోంది. ఇది ఏ తొడుగులోకీ ఎక్కలేదు. ఎవరూ ఆ పిల్లకి చెప్పలేదు. వరహాలమ్మకి తన జన్మలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. ఎవరితోనన్నా చెప్పుకోవాలనిపించింది. సింహాచలానికి ఫోను చెయ్యాలనిపించింది.

చెయ్యలేదు. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

“నడుం ఎలా ఉంది మేడం?” అని నీలవేణి తలెత్తకుండానే అడిగింది.

“తగ్గిందమ్మా” అంది వరహాలమ్మ. “నీకు పట్టుకున్నట్టుంది.”